గౌరిని ఎండలో కూర్చోబెట్టమన్నది నేనే

అరవై ఏడులో వరినాట్ల రోజులవి. సెలవుకి అక్కావాళ్ల ఊరు కోటబొమ్మాళి వెళ్లాను. మధ్యాహ్నం పొలం నుంచి వస్తూనే మా అక్క తన కూతుర్ని నా ఒళ్లో దింపింది. ఐదేళ్ల గౌరి ముఖం వేడినీళ్లు పడ్డట్టు ఎర్రగా పొంగి ఉంది. ముక్కు మీద బొబ్బలు. కళ్లు తెరవలేక ఏడుస్తోంది.

“సూడే, గంటసేపు గట్టు మీద ఆడుకున్నాది. అంతే. కూడా ఆడిన మిగతా గుంటలకి ఏటీ అవనేదు,” అంది అక్క.

గౌరి ముఖం మీద చిన్నప్పటి నుంచే నల్లమచ్చలుండేవి. అంతకు ముందు ఏడాది వాటిని చూసి సలహా ఇచ్చింది నేనే. వాల్తేరు యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నదాన్ని కదా, ఇంట్లో నా మాటకి విలువ. “బలం సాలకే అక్కా. రోజూ పొద్దుటెండలో కూకోబెట్టు, డి విటమిన్ వస్తాది” అన్నాను. అక్క ఏడాది పాటు నూనె రాసి మరీ కూర్చోబెట్టింది.

శ్రీకాకుళంలో డాక్టరు సన్ అలర్జీ అని పూతమందు ఇచ్చారు. బొబ్బలు మానాయి, మచ్చలు పెరిగాయి. సంక్రాంతి వెళ్లాక ముక్కు పక్కన కందిగింజంత కురుపు లేచింది. పక్కు కట్టేది, ఊడేది, రక్తం కారేది. రెండు నెలలైనా మానకపోతే విశాఖ పెద్దాసుపత్రికి తీసుకువచ్చాం. స్కిన్ డాక్టరు చాలాసేపు చూసి, “తల్లిదండ్రులది రక్తసంబంధమా?” అని అడిగారు.

మా మావకి కోపం వచ్చింది. ఆయన మా అమ్మకి సొంత తమ్ముడు, అక్కకి భర్త. “మా ఇళ్లల్లో అందరివీ మేనరికాలేనండి. దానికీ దీనికీ ఏటి సంబంధం?” అన్నాడు.

బయాప్సీ చేశారు. వారం తర్వాత డాక్టరు నన్ను పక్కకి పిలిచారు. “మాలిగ్నెంట్ అమ్మా. ఇంత చిన్నపిల్లకి కాన్సరేమిటని నేనే రిపోర్టు రెండుసార్లు చదివాను.” జబ్బు పేరు చీటీ మీద రాసిచ్చారు: జిరోడెర్మా పిగ్మెంటోసమ్. “ఒంట్లో ఏ లోపం వల్లో ఇంకా తెలీదు. ఎండ మాత్రం తగలనివ్వకండి.”

కూర్చోబెట్టమన్నది నేనేనని ఆయనకి చెప్పలేకపోయాను.

నా పని ఏమిటో ఇక్కడ చెప్పాలి. బాక్టీరియాని అల్ట్రావయొలెట్ (ఎండలోనూ ఉండే, కంటికి కనపడని కిరణాల) దీపం కింద పెట్టి, వాటి డీఎన్ఏ ఎలా దెబ్బతింటుందో, ఆ దెబ్బని అవి ఎలా బాగుచేసుకుంటాయో చూడటం. కొన్ని రకాలకి ఆ శక్తి పుట్టుకతోనే ఉండదు. మిగతావి తట్టుకునే వెలుగుకే అవి చచ్చిపోతాయి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా నేనెన్నడూ ఆ దీపం దగ్గరికి వెళ్లలేదు.

గౌరికి ఆపరేషనై ఇంటికి వెళ్లిన కొన్ని నెలలకి మా ప్రొఫెసరు ఒక విదేశీ పత్రిక నా బల్ల మీద పెట్టారు. “మనుషుల్లోనూ దొరికారమ్మా, నీ బాక్టీరియా లాంటివాళ్లు” అన్నారు సంతోషంగా. ఒక చర్మవ్యాధి ఉన్నవాళ్ల కణాలు అల్ట్రావయొలెట్ దెబ్బని బాగుచేసుకోలేవట. ఆ వ్యాధి పేరు చదివాను. మళ్లీ చదివాను. డాక్టరు చీటీ మీద రాసిచ్చిన పేరే.

“మా అక్క కూతురండీ” అన్నాను. మూడేళ్లుగా నేను చేస్తున్న పనీ, మా ఇంట్లో పిల్లా ఒకటేనని నాకు ఒక్కసారైనా తట్టలేదు.

ఇంకోటి కూడా తెలిసింది. ఇది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడిన జీన్‌లు కలిస్తే వచ్చేది. రక్తసంబంధమైతే ఇద్దరిలోనూ అదే జీన్ ఉండే అవకాశం ఎక్కువ; అలాంటి జంటకి పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు భయం ఉంటుంది. అక్కకి అప్పుడు ఐదో నెల.

దాచకూడదనుకుని రైలెక్కాను. అక్క బియ్యం ఏరుతోంది. నేను చెప్పింది విని చెయ్యి ఆపేసింది.

“నువ్వు కూకోబెట్టమంటే కూకోబెట్టినాను. ఇప్పుడు కడుపులో దానికీ వస్తాదేమో అంటన్నావు. నానేటి సేసేదే?”

“సదువుకున్నదానివి, నీకే తెలీకపోతే మాకెలా తెలుస్తాదే?” అన్నాడు మావ. తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది.

మర్నాడే ఆయన వసారాకి తడకలు కట్టాడు. నిండు చేతుల గౌన్లు, ముఖానికి ముసుగు, గొడుగు. అయినా మరుసటి వేసవిలో గౌరి ఎడమ కంటిరెప్ప మీద మరో కురుపు లేచింది. ముందు పడిన ఎండ దెబ్బ లోపల ఉండే ఉంటుందన్నారు డాక్టరు. మళ్లీ ఆపరేషన్. ఆ కన్ను ఇప్పుడు పూర్తిగా మూతపడదు.

అక్కకి మగపిల్లవాడు పుట్టాడు. వాడు పాకడం నేర్చి ఒకరోజు ఎవరూ చూడకుండా ఎర్రటి ఎండలోకి పోయాడు. అక్క వాణ్ని ఎత్తుకొచ్చి, రెండు రోజులు వాడి ముఖమే చూస్తూ కూర్చుంది. ఏమీ కాలేదు. అప్పుడు ఏడ్చింది.

గౌరికిప్పుడు ఏడేళ్లు. పొద్దు వాలాక వీధిలో ఆడుకుంటుంది. నేను అదే పరిశోధనలో ఉన్నాను. ఇంటికి వెళ్లినప్పుడల్లా “సిన్నమ్మా, మందు దొరికినాదేటి?” అని అడుగుతుంది. “ఇంకా నేదమ్మా” అంటాను. దానికి అబద్ధం చెప్పను.

చదివేవాళ్లకి ఒక్క మాట. కాస్త ఎండకే పిల్లల ముఖం బొబ్బలెక్కినా, చిన్న వయసులోనే మచ్చలు ముసిరినా, ముందు నీడకి చేర్చండి. మీది మేనరికమైతే డాక్టరు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.