సింహాచలం మేస్త్రీ గారి చూపు తప్పలేదు

నర్సీపట్నంలో పాత కార్లకు నలభై ఏళ్ళపాటు ప్రాణం పోసిన సింహాచలం మేస్త్రీ గారు రెండు వారాల క్రితం ఉదయం పరమపదించారు. ముందురోజు సాయంత్రం షెడ్డుకి వచ్చి, నేను బిగించిన బోల్టును వేలితో తట్టి, "గట్టిగానే ఉంది. నువ్వేనేట్రా బిగించింది?" అని అనుమానంగా అడిగి వెళ్ళిన మనిషి. తెల్లారేసరికి లేరని ఎవరో ఫోనులో చెబితే పరాచికమనుకున్నాను. ఈ ఊళ్ళో పరాచికాలాడే పని నాది కనుక, ఈసారి ఎదుటివాడి వంతు వచ్చిందనుకుని ఫోను పెట్టేశాను. అది మళ్ళీ మోగింది. ఈసారి మేస్త్రీ గారింటి అమ్మగారి గొంతు వినబడింది. నా చేతిలోని స్పానరు ఎక్కడ పడేశానో, ఇప్పటికీ దొరకలేదు.

మొన్న పెద్దకర్మ నాడు షామియానా కింద ఒక పెద్దమనిషి లేచి ఆయన గుణగణాలను కొనియాడారు. చివరలో, "పాపం, ఆఖర్న చూపు మందగించి ఒక ఆయిలు లీకు విషయంలో పొరబడ్డారు గాని, అంతటి మేస్త్రీ మరొకరు లేరు" అన్నారు. అందరూ తలలూపారు. ఎక్కడా నోరు మూసుకోలేని నేను అక్కడ మూసుకున్నాను. ఆ పొరపాటు ఆయనది కాదు. ఆయన పేరు మీద పడిన ఆ ఒక్క మచ్చను తుడవడానికే ఏడో తరగతితో బడికి నమస్కారం పెట్టిన నేను ఇవాళ కలం పట్టాను.

లారీల మీద తిరిగి తిరిగి, పాతికేళ్ళు దాటాక నేను ఆయన దగ్గర పనికి కుదిరాను. ఆయిలు కారే బండి వస్తే ముందు ఇంజన్ను డీజిల్‌తో కడిగించేవారు. ఆరాక మొహానికి రాసుకునే పౌడరు తెప్పించి, ఇంజను చుట్టూ పల్చగా చల్లేవారు. "పెళ్ళికూతురికి నగలేవండీ మేస్త్రీగారూ?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన ఇంకో చిటికెడు చల్లేవారు. బండిని ఊరి చివరిదాకా తిప్పి తెచ్చి, టార్చిలైటు పట్టుకుని పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చేవారు. తెల్లటి పౌడరు మీద సన్నటి నల్ల గీత ఎక్కడ మొదలైందో అదే జబ్బు. "సుక్క పడ్డకాడ సూడకురా, బయల్దేరినకాడ సూడు" అనేవారు. ఫ్యాను గాలికి ఆయిలు వెనక్కి పాకుతుంది. ముందు కారేది వెనక కారుతున్నట్టు కనబడుతుంది. ఈ సంగతి ఆయన నాకు వందసార్లు చెప్పారు. వినడం నాకు నూటొకటోసారికి వచ్చింది.

ఆయన షెడ్డుకి ఒక ఆచారం ఉండేది. బాగుచేసిన బండి ఒక రాత్రి అక్కడే నిలబడాలి. దాని కింద కొత్త అట్ట పరిచి, మూల మీద ఓనరు పేరు రాసేవారు. తెల్లారి అట్ట మీద చుక్క లేకపోతేనే బండి కదిలేది. మరక లేని ఆ అట్టను ఓనరు చేతికిచ్చి పంపేవారు. మా దగ్గర రసీదు అంటే అదే. రోలుగుంట వైపు ఇళ్ళల్లో ఆ అట్టలను దాచుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఆరేళ్ళ క్రితం మాకవరపాలెం నుంచి అప్పలనాయుడు తన పాత డీజిల్ కారు తీసుకొచ్చాడు. ఆ కారు కిరాయికి తిరిగితేనే అతని ఇల్లు గడిచేది. కొన్ని నెలలు పాకలో ఆపి ఉంచి బయటికి తీశాక, ఇంజను వెనక నుంచి ఆయిలు కారడం మొదలైందట. మేస్త్రీ గారు జ్వరంతో ఇంట్లో ఉన్నారు. కడగడం, పౌడరు, తిప్పడం ఏమీ లేకుండా వెనక ఆయిలును ఆపే రబ్బరు సీలు పోయిందని నేనే తేల్చేశాను. గేర్‌బాక్సు దింపి, రెండు రోజులు నడుం విరగ్గొట్టుకుని సీలు మార్చాను. అట్ట పరిచాను. తెల్లారి చూస్తే దాని మీద అరచేయంత నల్లమరక. నాయుడు కిరాయికి వేళవుతోందని అప్పటికే బండిని గేటు దగ్గరికి తీసి హారను కొడుతున్నాడు. నేను ఆ అట్టను డీజిల్ డ్రమ్ము వెనక దోపి, కొత్త అట్ట మీద పేరు రాసి అతని చేతికిచ్చాను.

మేస్త్రీ గారు ఆ ఉదయమే జ్వరం తగ్గి వచ్చారు. ఇంకో బండి కింద పడుకోవడానికి పరుచుకునేదేమైనా దొరుకుతుందేమోనని డ్రమ్ము వెనక చెయ్యి పెడితే నాయుడి పేరున్న అట్ట బయటికొచ్చింది.

"ఏట్రా నూకరాజూ, నాయుడి అట్ట ఇక్కడుంది, బండి లేదు. ఆడికి రెండు అట్టలేటి?"

"పెద్ద బండి కదండీ, ఒకటి సాల్లేదు" అన్నాను అలవాటుగా.

ఆయన నవ్వలేదు. మరకను వేలితో రాసి చూసి, "బండి ఎల్లి ఎంతసేపయింది?" అన్నారు.

"అరగంటవుతాదండి. సింతపల్లి కిరాయి. ఆరుగురు మనుషులు."

"ఘాట్ సగంలో ఆయిలైపోయి ఇంజను పట్టేస్తే ఆ ఆరుగురూ ఏటవుతారో తెల్సా నీకు? స్కూటరు తియ్. బేగి."

దారి పొడవునా ఆయన వెనక కూర్చుని రోడ్డు మీద ఆయిలు చుక్కలు చూసుకుంటూ వచ్చారు. ఘాట్ మొదలయ్యే చోట టీకొట్టు ముందు కారు ఆగి ఉంది. వెనక బంపరు అప్పటికే ఆయిలుతో తడిసి ఉంది. నేను తప్పు చెప్పడానికి నోరు తెరిచేలోగా ఆయన నాయుడి ముందు నిలబడ్డారు.

"నాయుడూ, బండి ఎక్కించకు. నువ్వు రాకముందే తెల్లారగట్ల బండి కింద నానే సూసినాను. కారీ ఆయిలు నా కంటికి ఆన్లేదు. తప్పు నాది."

"మీరే ఇలాగంటే మరెవల్ని నమ్మాలండి మేస్త్రీగారూ? కళ్ళు కనబడకపోతే మానేసి ఇంటికాడ కూకోవాల గాని" అన్నాడు నాయుడు, జనం వింటుండగా.

ఆయన తల వంచుకుని విన్నారు. నేను తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాను.

ఆయిలు పోసుకుంటూ కారును షెడ్డుకి తెచ్చాం. మేస్త్రీ గారు ఇంజను స్టార్టు చేసి ఆయిలు పోసే మూత తీయగానే లోపలి నుంచి పొగ బుసలు కొట్టింది. "సూసినావా, ఊపిరాడక కొట్టుకుంటంది" అన్నారు. ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టాన్ని ఊడదీసి నేల మీద తట్టారు. మట్టిగడ్డ రాలింది. బండి పాకలో ఉన్నప్పుడు కుమ్మరిపురుగు అందులో గూడు కట్టుకుంది. ఆవిరికి దారి లేక, ఆ ఒత్తిడి ఆయిలును వెనక నుంచి బయటికి తోస్తోంది. నేను తీసి పారేసిన పాత సీలుకి ఏ జబ్బూ లేదు. పావుగంట పని. మర్నాడు అట్ట మీద చుక్క లేదు.

"నా పేరెందుకు సెప్పలేదండి?" అని అడిగాను.

"నీ సెయ్యి మీద ఇప్పుడు మరక పడితే ఇంక బండెవడూ ఇవ్వడు. నాది పాత సెయ్యి, కడిగేసుకుంటాను" అన్నారు. చేతులు తుడుచుకుంటూ, "అట్ట మాత్రం ఇంకెప్పుడూ మార్సకు" అన్నారు.

ఆ మరక కడిగితే పోలేదు. నాయుడు చెప్పిన మాట మండలాలు దాటింది. కొందరు బండ్లను యలమంచిలి తీసుకుపోయారు. మా దగ్గరికి వచ్చినవాళ్ళు, "మీరొద్దులెండి మేస్త్రీగారూ, నూకరాజు సూస్తే సాలు" అనడం మొదలుపెట్టారు. "అలాగే, ఆడే సూస్తాడు" అని ఆయన టార్చిలైటు నా చేతికిచ్చి పక్కకు తప్పుకునేవారు. అలా ఆరేళ్ళు. ఆయన ముఖంలో ఒక్కనాడూ నొప్పి కనబడలేదు. ఉన్నా చూడగలిగే ధైర్యం నాకు లేదు. ఊరందరినీ నవ్వించడంలో పడితే ఇలాంటివి చెప్పకుండా రోజులు గడిపేయొచ్చు. నేను గడిపేశాను.

పెద్దకర్మ అయిన మర్నాడు మాకవరపాలెం వెళ్ళాను. నాయుడు ఇంటి ముందు అదే కారు తుడుస్తున్నాడు. నిలబడే ఉండి మొత్తం చెప్పాను. అతను తిడతాడనుకున్నాను. చేతిలో గుడ్డతో అలాగే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"సెంటర్లో ఆయనెదురైతే నాను మొకం తిప్పుకుని ఎలిపోయీవోణ్ణి" అన్నాడు.

"ఆయనేటనీవోరు?"

"ఏటంటారు. 'బండి బాగుందా నాయుడూ' అనీవోరు. ఎప్పుడెదురైనా అదే మాట. నాను పలికీవోణ్ణి కాదు."

అతను లేచి వెళ్ళి బంపరు కింద చెయ్యి పెట్టి, పొడి వేళ్ళు నాకు చూపించాడు.

"బానే ఉంది. ఆరేళ్ళల్లో సుక్క కారలేదు. ఇప్పుడెవలికి సెప్పాల ఆ మాట?"

నాకు తెలిసింది ఒక్కటే. తన విద్యను నాకు ధారపోసి, తన కీర్తిని కూడా నాకే కప్పి వెళ్ళిన ఆ మహనీయుడి వంటి వారు ఈ నర్సీపట్నానికి మళ్ళీ రారు. ఆయన పాదాలకు నా చేతుల మసితోనే నమస్కరిస్తున్నాను. ఇకపై సింహాచలం మేస్త్రీ గారి చూపు గురించి ఎవరైనా ఎక్కడైనా మాట తెస్తే, దయచేసి నా పేరు చెప్పండి.