ఎల్లయ్యకు తొడిగిన షేర్వానీ

నా మొదటి నాటకం మొదటి అంకం దాటకుండానే ఊరిని ముంచింది. ఎట్లాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

పోలీసు చర్య ముగిసిన రోజులు. కేతేపల్లి దగ్గరి మా ఊరి నుంచి పారిపోయిన దొర మిలిటరీ వెంట తిరిగి వస్తున్నాడనీ, సంఘం రైతులకు పంచిన తన భూములు తిరిగి అడుగుతాడనీ కబురొచ్చింది. ఇవ్వాలా వద్దా అని ఊరంతా గుసగుసలు. నల్లగొండ గ్రంథాలయంలో బీరువాలకు బీరువాలు నమిలి వచ్చిన నాకు మందు తెలుసు. నాటకం. దొర వచ్చి భూమి అడుగుతాడు, రైతులు కూర్చున్నచోటు నుంచి లేవరు. అంతే కథ. కానీ మా ఊళ్లో దొర ముందు కూర్చున్నవాడు అంతవరకు పుట్టలేదు. ఆయన కనబడితే లేచి, చెప్పులు చేతబట్టి, వంగి నిలబడాల్సిందే.

దొర వేషం ఎల్లయ్యది. గడీలో జీతమున్నవాడు కాబట్టి ఆ నడక వాడికి కొట్టిన పిండి. సంఘం పంచిన చెలకను ఆ ఏడే దున్నుకున్నాడు. వేషం కుదిరితే సగం నాటకం గెలిచినట్టేనని చదివాను కదా, చాకలి రాజవ్వ దగ్గరికి పోయాను. దొర పారిపోయిననాడు ఆయన షేర్వానీ, టోపీ ఆమె మూటలోనే ఉండిపోయాయి.

"ఇస్త గని బిడ్డా, మాపకు. రేపు దొరొచ్చి అడిగితె నా వీపు చూపియ్యాల్నా?"

"వచ్చినా ఎవ్వలు లేవరవ్వా. నాటకంల గట్లనే రాసిన."

"నువు రాస్తె ఆగుతడా?"

మాట బాగుందనిపించి, రెండో అంకంలో వాడుకోవచ్చనుకున్నాను.

రాత్రి గుంపు చేరితే మిలిటరీ వస్తుందన్న భయానికి పట్టపగలే ఆట పెట్టాం. రైతు వేషగాళ్లు గొంగడి మీద కూర్చున్నారు. ఎల్లయ్య ప్రవేశించాడు. అవే బట్టలు, అదే నడక.

ముందు వేషగాళ్లు లేచారు. వెనకే జనమంతా లేచి, చెప్పులు విడిచి, వంగారు.

"కూసోండ్రి, జర కూసోండ్రి," అని తెర పక్క నుంచి గొంతు చించుకున్నాను.

"దొర నిలవడంగ ఎట్ల కూసుంటమయ్యా," అన్నారెవరో మెల్లగా.

జనం వంగింది తనకేనని ఎల్లయ్యకు తట్టలేదు. అసలు దొరే వెనక వచ్చాడనుకుని, గిర్రున తిరిగి, టోపీ తీసి, ఖాళీ తెరకు దండం పెట్టాడు. "బాంచెన్ దొరా, బట్టలు నేనడగలే. గీ పిలగాడే తొడిగిచ్చిండు."

అందరూ నావైపు చూశారు. అప్పుడు నన్ను నేను చూసుకున్నాను. కూర్చోమని అరుస్తున్న నేను, చెప్పులు చేతబట్టి, వంగి నిలబడి ఉన్నాను.

ఆ వారమే అసలు దొర వచ్చాడు. ఊరంతా ఒక్కసారిగా లేచింది. ఎవరూ తడబడలేదు, రిహార్సల్ అయింది కదా. భూములన్నీ మళ్లీ గడీవయ్యాయి. చెలక అప్పజెప్పి వస్తూ ఎల్లయ్య నా దగ్గర ఆగాడు.

"మంచిగ నేర్పినవ్ తమ్మీ."

తర్వాత సినిమాలకూ రాశాను. నా దొరలందరూ బనీను, తువ్వాలతోనే తెరమీదికి వస్తారు. దర్శకులు ఎంత విసుక్కున్నా సరే, చదివిన పుస్తకాలన్నిటి మీద ఒట్టు, ముందు జనం కూర్చోవాలి. ఆ తర్వాతే దొరకు బట్టలు.