చక్రాలకు పూసిన ఆముదం

నంద్యాలలో రంగుల అంగడి నడిపే ఒక పెద్దాయనను, ఆయన అంగట్లోనే నిలబడి, నలుగురూ వింటుండగా దొంగ సరుకు అమ్ముతున్నావని అన్నాను. ఆయన అంగడి నడిచేదంతా నమ్మకం మీద. నాయన ఇరవై ఏళ్లుగా అక్కడే కొంటున్నాడు, ఒక్కసారి కూడా డబ్బా తెరిచి చూసి తెచ్చుకున్నది లేదు. అట్లాంటి మనిషి పేరును నేను ఒక్క నిమిషంలో పాడుచేశాను. తప్పు మాత్రం నాదే.

మాది ఆళ్లగడ్డ. నాయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. పదో తరగతి తప్పాక నేనూ ఆయన పనిచేసే కొట్టంలో కూర్చున్నాను. నా పని పాలిష్. నీళ్లు చల్లుకుంటూ వాటర్ పేపరుతో రుద్దాలి, ముందు గరుకుది, తర్వాత సన్నది. ఎంత రుద్దినా నల్లరాయి బూడిద పట్టినట్టే ఉంటుంది. చివర్న ఆముదం గుడ్డతో తుడిస్తే అప్పుడు లేస్తుంది నలుపు. అప్పటిదాకా కనపడని కనురెప్పలు కూడా కనపడతాయి. ఆముదం పడనిదే మా కొట్టంలో ఏ పనీ అయిపోయినట్టు కాదు. నా చేతులు ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోదు, నాకు తెలియడం కూడా ఎప్పుడో మానేసింది.

అన్న సెకండ్‌హ్యాండ్ కారు కొని బాడుగకు తిప్పుతాడు. దానికి కంపెనీ నుంచి వచ్చిన అలాయ్ చక్రాలు అంచులు గీసుకుపోయి, తెల్లగా మచ్చలు పడి ఉండేవి. నంద్యాల నుంచి ఒక పెళ్లిజంటను అహోబిలం తీసుకుపోయే బాడుగ వచ్చేసరికి అన్నకు చక్రాల మీద దిగులు పట్టుకుంది.

"ఏమ్మే, స్టాండులో అందరూ నల్లగా కొట్టిచ్చినారు. మనమూ కొట్టిస్తే ఎట్లుంటాది?"

"కొట్టిచ్చేదేందన్నా, నేనే కొడ్తా. దేవుళ్లనే నల్లగా నిగనిగలాడిస్తాండా, నాలుగు చక్రాలొక లెక్కా?"

ఉలి ఆపకుండానే నాయన అన్నాడు, "పెండ్లికొడుకును తోలకపోతాండావా, శనీశ్వరున్ని తోలకపోతాండావారా?"

నేనూ అన్నా బస్సెక్కి నంద్యాల పోయి ఆ పెద్దాయన దగ్గర నల్లరంగు స్ప్రే డబ్బాలూ ప్రైమరూ తీసుకున్నాం. ఆయన డబ్బాలు చేతికి ఇస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇను పాపా. రుద్దినంక తిన్నర్ గుడ్డతో తుడవాల. జిడ్డు అనేది ఉండకూడదు. చెయ్యి గూడ పెట్టాకు..."

"నాకు తెల్సులేప్పా! పొద్దున లేస్తే రుద్దేదే గదా నా పని," అన్నాను నేను.

ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. నేను మళ్లీ అడ్డం పడ్డాను. మూడోసారి అన్నతో చెప్పబోయాడు. అప్పుడూ నేనే, మొన్న నంది విగ్రహానికి ఎట్లా పాలిష్ పట్టానో ఆయనకే వివరించాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మరుసటి రోజు అన్న కారును జాకీ మీద లేపి, కింద రాతిదిమ్మెలు పెట్టాడు. టైరుకు రంగు అంటకుండా చక్రం అంచు చుట్టూ పాత పెళ్లిపత్రికలు వరసగా దోపాను. నీళ్లు చల్లి రుద్దాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రుద్దితే నాలుగూ నున్నగా వచ్చాయి, కానీ బూడిద పట్టినట్టు ఉన్నాయి. నా చెయ్యి దానంతట అదే ఆముదం గుడ్డ మీదికి పోయింది. ఆలోచించి చేసిన పని కాదు. జిడ్డు ఉండకూడదని ఆయన అన్నది చెవిన పడింది. కానీ జిడ్డంటే నాకు గిన్నెలకుండేది, ఇంజనుకుండేది. ఆముదం మాకు జిడ్డు కాదు, పని పూర్తయిందనే గుర్తు. నాలుగు చక్రాలకూ పూసి, పొడిగుడ్డతో తుడిచి, ప్రైమరూ రంగూ కొట్టేశాను. తిన్నర్ అనే మాటే గుర్తు రాలేదు. అక్కడక్కడ సూది గుచ్చినట్టు సన్న గుంటలు పడ్డాయి. వాటి మీద ఇంకో చుట్టు కొట్టాను.

సాయంత్రం అన్న వచ్చి చూసి, "అబ్బ! షోరూమ్ బండి మాదిరుండాది," అన్నాడు. వీధిలో వాళ్లందరినీ పిలిచి చూపించాను.

మూడో రోజు నాయనకు వాటర్ పేపరు తేవాలని అన్నతో కార్లోనే నంద్యాల పోయాను. బాడుగకు ఇంకా నాలుగు రోజులున్నాయి, ఒకసారి కడిగిద్దామని అన్న వాటర్ సర్వీసు దగ్గర ఆపాడు. గొట్టంలోంచి నీళ్లు చక్రం మీద పడ్డాయో లేదో, ఉడికిన ఉర్లగడ్డ మీద తొక్క లేచినట్టు రంగు లేచిపోయింది. నాలుగు చక్రాలూ అంతే. కడిగేవాడు గొట్టం పక్కకు తిప్పి, "నేనేం సెయ్యల్యాన్నా," అన్నాడు.

అన్న మొహం చూడలేకపోయాను. తను రంగు పెచ్చులు ఏరి జేబులో వేసుకుని నేరుగా రంగుల అంగడికి తోలాడు. అక్కడ బంపర్లకు రంగేసే ఒక పెయింటరు రెండు డబ్బాలు పట్టుకుని నిలబడ్డాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

"ఏందప్పా ఇది? మూడు దినాలకే పొట్టు లేసిపాయ!" అన్నాడు అన్న.

అన్న అంతటితో ఆగేవాడు. నేను ఆగలేదు.

"డబ్బా మీద పేరు పెద్దది, లోపల దొంగ సరుకు. ఇరవై ఏండ్ల నుంచి వస్తాండామని మా నెత్తినే పెడ్తావా? ఇంగ కొత్తోళ్లకు ఏమిస్తాండావో!"

పెయింటరు చేతిలోని రెండు డబ్బాలనూ చూసుకున్నాడు. మెల్లగా బల్ల మీద పెట్టి, "మళ్లొస్తాలేప్పా," అని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కూడా జారుకున్నారు.

పెద్దాయన అరవలేదు. అన్న ఇచ్చిన పెచ్చును వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

"బాగా తుడిసినావా పాపా?"

"తుడిసినా."

"దేంతో?"

అప్పుడు తెలిసింది నాకు. ఎప్పుడూ తెలియని వాసన ఆ ఒక్క క్షణం నా చేతుల్లోంచే నా మొహాన కొట్టింది.

"గుడ్డతో," అన్నాను.

ఆయన లోపలికి పోయి కొత్త డబ్బాలు తెచ్చి అన్న ముందు పెట్టాడు. ఒక సీసాడు తిన్నర్ కూడా పెట్టాడు, దాన్ని మాత్రం నా వైపు జరిపాడు.

దారిలో అన్న అన్నాడు, "నీ నోరు లేకుంటే ఇచ్చేటోడు కాదు మే." నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అన్న నాకు కళ్లు తిరుగుతున్నాయేమో అనుకున్నాడు.

రెండోసారి తిన్నర్‌తో తుడిచి కొట్టాను. ఒక్క గుంట పడలేదు. పెళ్లివాళ్లు చక్రాల పక్కన నిలబడి ఫొటోలు దిగారట. ఆ మాట అన్న సంబరంగా చెప్తుంటే నేను కంచం తీసుకుని లేచిపోయాను.

ఇరవై రోజుల తర్వాత నాయనే నంద్యాల పోయి వచ్చాడు. పేపరు కట్ట అరుగు మీద పడేసి నీళ్లడిగాడు.

"ఆయప్ప అంగట్లో ఈగలు తోలుకుంటాండాడు. దొంగ సరుకని ఎవురో పుకారు లేపినారంట. పెయింటర్లు ఎవురూ పోతాల్యా. ఆ మాటన్నోళ్ల నోరు పడిపోను!"

"మనకూ మొదట అట్లాంటిదే ఇచ్చినాడు నాయనా. స్టాండులో నేను గూడ సెప్పినా అందరికీ," అన్నాడు అన్న.

నీళ్ల చెంబు నా చేతిలోనే ఉంది. "నేనే ఆముదం పూసినా," అన్నాను.

ఇద్దరూ నన్ను చూశారు. మొత్తం చెప్పాను, అంగట్లో నాకు తెలిసిపోయిన సంగతి కూడా. అన్న లేచి బయటికి పోయాడు. నేను ఏడుపు మొదలుపెడితే నాయన చెంబు తీసుకుని, "నాకాడ ఏడిస్తే ఏమొస్తాది? రేపు బస్సెక్కు," అన్నాడు.

పొద్దున పోయాను. పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. బస్సులో వల్లించుకున్న మాటలన్నీ పోయి, "అప్పా, ఆముదం," అని మాత్రం వచ్చింది.

"తెల్సులే పాపా. ఆ పొద్దే వాసన సూసినా."

"మరి అన్నకు ఎందుకు సెప్పల్యా?"

"నువ్వు సెప్తావనుకున్యా."

తిట్టినా బాగుండేది. ఆయన తన గడ్డం ఎత్తి వీధికి అవతలివైపు చూపించాడు. "నాకు సెప్పేదేముండాది. నువ్వన్నది ఇన్నోళ్లకు సెప్పు."

అవతల ఆ పెయింటరు షెడ్డు. వీధి దాటడానికి ఎంతసేపు పట్టిందో. నేను చెప్పింది విని ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "దేవునికి పూసేది టైర్లకు పూసినావా మే! కొబ్బరికాయ గూడ కొట్టకపోయినావా?" షెడ్డులో వాళ్లంతా నవ్వారు. నేను నిలబడే ఉన్నాను, వాళ్లు నవ్వడం అయిపోయేదాకా.

స్టాండులో అన్న కూడా చెప్పాడు. నాతో మాట్లాడటానికి అన్నకు చాలా రోజులు పట్టింది. ఆ పెయింటరు మాత్రం, అంత నవ్వినాక కూడా, ఇప్పటికీ ఎదురుగా ఉన్న అంగడి వదిలి పక్కవీధిలో కొంటున్నాడు. మొన్న కూడా చూశాను, చేతిలో వేరే అంగడి సంచి.

ఇప్పుడు వాటర్ పేపరుకు నేనే పోతున్నాను. బల్ల దగ్గర ఎవరు నిలబడి ఉన్నా, అడిగినా అడగకపోయినా మొదలుపెడతాను, "అన్నా, ఈడ సరుకు మంచిదన్నా. నేనే ఒకసారి ఆముదం పూసి, ఈయప్పను అనరాని మాటన్యా..."

పెద్దాయన పేపర్లు చుట్టి నా చేతిలో పెడతాడు. "సాల్లే పాపా. బస్సుకు టైమైతాది, బేగా పో. ఉన్నోళ్లు గూడ పారిపోతారు."

పూర్తిగా చెప్పేదాకా నేను కదలను.