అమావాస్యకి పోయే ఏసీ

బందరు వర్క్‌షాపులో పద్నాలుగేళ్ళు కార్ల ఏసీలు బాగుచేశాక, ఒక మార్చి నెల మొదట్లో నన్ను గుడివాడ బ్రాంచికి ఏసీ విభాగం ఇన్‌చార్జిగా వేశారు. ఇన్‌చార్జి అంటే నా కింద ఇద్దరు మెకానిక్కులు, ఒక గ్యాస్ మెషీను, ఒక నైట్రోజన్ సిలిండరు. నా పైన వర్క్స్ మేనేజరు మూర్తి గారు, ఆయన పైన సీలింగు ఫ్యాను. ఆ ఫ్యాను తిరిగేది కాదు. ఊళ్ళో కార్లన్నిటికీ చల్లగాలి పోసేవాళ్ళం, మేం మాత్రం అట్టముక్కలతో విసురుకునేవాళ్ళం.

నేను చెప్పే కబుర్లలో సగానికి సగం తీసేసి వినమని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ మా ఆవిడ ముందే చెబుతుంది. బందరు ఎండలో కారు బానెట్ మీద అట్టు పోస్తే తిరగేసేలోగా మాడిపోయిందని చెప్పింది నేనే. ఆ అట్టుని తీసేయండి. నాంచారమ్మ గారి బండి సంగతిలో మాత్రం తీసేయడానికి ఏమీ లేదు, ఒక్క పీత పరుగు తప్ప. అది వచ్చినప్పుడు నేనే చెబుతాను.

నాంచారమ్మ గారిది హంసలదీవి పక్కన మత్స్యకారుల పల్లె. వయసు యాభై దాటి ఉంటుంది. మడ అడవుల కాలువల్లో పట్టిన మండపీతల్ని పల్లెవాళ్ళ దగ్గర సేకరించి, డెక్కలు తాళ్ళతో కట్టి, తడి గోనెలు కప్పిన బుట్టల్లో గుడివాడ అవతలి కొనుగోలు కేంద్రానికి చేరుస్తారు. పీత బతికుంటేనే సరుకు. చచ్చినదాన్ని అక్కడివాళ్ళు చూడను కూడా చూడరు. అందుకని ఆమె ఏడు సీట్ల పాత కారు కొని, వెనక సీట్లు తీయించి, పీతల్ని ఏసీలో తెచ్చేవారు. ఆ రకం బండికి వెనక కూడా చల్లగాలి వచ్చే బ్లోయరు ఉంటుంది. దానికోసం ఇంజను దగ్గర నుంచి బండి అడుగున రెండు అల్యూమినియం గొట్టాలు వెనక్కి వెళ్తాయి.

బండి రాగానే జాబ్ కార్డు రాయడం మా పద్ధతి. అందులో మొదటి గడి, కస్టమరు ఫిర్యాదు.

"ఏంటమ్మా కంప్లైంటు?" అని అడిగాను.

"అమావాస్యకి ఏసీ పోతందండీ."

"మరి పున్నానికి?"

"పున్నానికీ పోద్ది. అవనిగడ్డలో గ్యాస్ పట్టిస్తే మళ్ళీ పోటు దాకా బానే ఉంటది."

పక్కనున్న మెకానిక్ ఖాసిం, "గురువుగారూ, గ్రహణం పట్టు విడుపులు కూడా రాసుకోండి" అన్నాడు. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. నేను గడిలో "కూలింగ్ తక్కువ" అని రాశాను. నేను చేసిన మొదటి పొరపాటు అదే. అప్పటికి తెలియలేదు.

మొదటిసారి దోషం వెంటనే దొరికింది. బండి ముందు, రేడియేటర్ ఎదురుగా జల్లెడలా ఉండేది కండెన్సర్. వేడెక్కిన గ్యాస్ అందులోనే చల్లబడుతుంది. సముద్రపు ఉప్పుగాలికి దాని రేకులు వేలితో గీస్తే పొడిగా రాలాయి. కింది మూలన లీకు. కండెన్సర్ మార్చాం. వ్యవస్థ విప్పినప్పుడల్లా తేమ పీల్చే డ్రయ్యర్ కూడా మార్చాలి కాబట్టి అదీ మార్చాం. లోపలి గాలంతా లాగేసే వాక్యూమ్ పెట్టి, గ్యాస్ తూకం వేసి ఎక్కించాం. నేను మీసం దువ్వుకున్నాను.

పన్నెండో రోజున బండి మళ్ళీ వచ్చింది. ఈసారి లిఫ్టు మీద పైకెత్తి, గొట్టాల్లో ఒత్తిడితో నైట్రోజన్ నింపి, ప్రతి అతుకుకీ సబ్బు నురగ పూశాం. ఎక్కడా బుడగ లేదు. మర్నాటి దాకా ఉంచినా ఒత్తిడి చూపే గేజి ముల్లు కదల్లేదు. ముల్లు కదలకపోతే లీకు లేదని సంతకం పెట్టాలి. అయినా అనుమానానికి అతుకుల దగ్గర రబ్బరు రింగులన్నీ మార్చి పంపాను.

మూడోసారి ఆమె కొనుగోలు కేంద్రం నుంచి నేరుగా వచ్చారు. సగం బుట్టల్లో పీతలు చచ్చాయి, బతికిన వాటినే అక్కడ దింపుకున్నారు. ఒక బుట్ట అడుగున మిగిలిపోయిన పీత ఒకటి కట్టు తెంచుకుని వచ్చి మూర్తి గారి ప్యాంటు అంచు పట్టుకుంది. ఆయన రైల్వే గేటు దాకా పరిగెత్తారని నేను ఊరంతా చెప్పాను. స్టోర్ రూము దాకానే పరిగెత్తారు. తీసేయమన్నది ఇదే.

నాంచారమ్మ గారే పీతని వెనకనుంచి ఒడుపుగా పట్టి బుట్టలో వేశారు. గొంతు పెంచకుండా, "ఇంకొక్కసారి చచ్చినయ్యి తెస్తే మీ సరుకు ఆపేస్తామన్నారు మేస్త్రి గారూ. నా ఒక్కదాని సరుకైతే ఏడ్చి ఊరుకుందును. పదకొండిళ్ళోళ్ళు నా బుట్టల్లో ఏస్తారు. మళ్ళీ పున్నం పట్టుమని పన్నెండు రోజుల్లేదు" అన్నారు.

మూర్తి గారు నావైపు చూశారు. "ఇవాపరేటర్" అన్నాను నేను, వైద్యుడు నాడి పట్టినంత ధీమాగా. చలి పుట్టించే జల్లెడ అది, డ్యాష్‌బోర్డు వెనక ఉంటుంది. తీయాలంటే స్టీరింగు మొదలుకొని ముందుభాగమంతా విప్పాలి. ఒక రోజు పని. లీకు ఖాయమైతే తప్ప దాని జోలికి వెళ్ళకూడదన్నది నేను కుర్రాళ్ళకి చెప్పే మొదటి పాఠం. ఆ రోజు నా పాఠాన్ని నేనే పక్కన పెట్టాను.

మర్నాడు ఆమె పాత టైర్ల మీద కూర్చుని పొద్దుటి నుంచి చూస్తూనే ఉన్నారు. సాయంత్రం నాలుగింటికి ఇవాపరేటర్ని నీళ్ళ తొట్టిలో ముంచి నైట్రోజన్ వదిలాను. ఒక్క బుడగ రాలేదు.

"పొట్ట కోశారు గదా, ఏం కనబడింది?" అన్నారామె.

"ఏమీ లేదమ్మా" అన్నాను. ఖాసిం మొహం తిప్పుకుని నవ్వు మింగాడు.

"నేనొకటి అడగనా? బండిని గాల్లోకి లేపి చూస్తారేంటండీ? అది గాల్లో నడవదు గదా."

"కింద చూడాలంటే లేపాలి కదమ్మా."

"మా వలైతే అట్టా చూడం. దండెం మీద ఆరేస్తే మంచి వల్లాగే ఉంటది. బరువు పడి లాగినప్పుడే తెగిన కన్ను నోరు తెరుస్తది. ఆ అమావాస్య సంగతి మీరు రాసుకోలేదు, నవ్వుకున్నారు. అమావాస్యకీ, పున్నానికీ సముద్రం పోటు పెద్దది, అప్పుడు పీతలు ఎక్కువ పడతయ్యి. మామూలప్పుడు బుట్టలు నాలుగో, ఐదో. పోటుకి పన్నెండు."

చేతిలో ఉన్న స్పానర్ బల్ల మీద పెట్టేశాను. గ్యాస్ పోయేది చంద్రుణ్ణి బట్టి కాదు, బుట్టల్ని బట్టి. మేం మూడుసార్లూ ఖాళీ బండినే చూశాం.

మర్నాడు పొద్దున్నే ఇవాపరేటర్ తిరిగి బిగించి, బండిని సర్వీసు గుంత మీదికి తోశాం. చక్రాలు నేల మీదే ఉంటాయి, మనిషి గుంతలోకి దిగి అడుగుభాగం చూడొచ్చు. నైట్రోజన్ నింపాం. ఇక బరువు కావాలి. బుట్ట ఇరవై కిలోల పైమాటే. నేనూ, రెండో మెకానిక్కూ, పెయింటరూ వెనక ఎక్కాం. నాంచారమ్మ గారు మూర్తి గారిని ఎగాదిగా చూసి, "మేనేజరు గారు ఎక్కితే నాలుగు బుట్టల పెట్టు" అన్నారు. ఆయన కోపం తెచ్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తూనే ఎక్కేశారు.

గుంతలోకి ఖాసిం నురగ డబ్బాతో దిగాడు. అతని వెనకే, వద్దంటున్నా వినకుండా, చీర బొడ్లో దోపుకుని ఆమె దిగారు. మేం నలుగురం వెనక గొంతుకూర్చుని, ఒకరి చెమట ఒకరికి అంటించుకుంటూ ఉన్నాం. కాసేపటికి కిందనుంచి ఆమె గొంతు, "ఇదిగో! చేప నోరు తెరిచినట్టు!"

"ఎక్కడ?" అంటూ మూర్తి గారు దిగబోయారు.

"కదలమాకండి బాబూ, బుడగ ఆగిపోతంది!"

నిజంగానే ఆగింది. ఆయన మళ్ళీ కూర్చుంటే వచ్చింది. నమ్మకం కుదిరేదాకా ఆయన్ని మూడుసార్లు దించి ఎక్కించాం. రెండుసార్లే అవసరం, మూడోది నా సరదా.

వెనక చక్రం పక్కన గొట్టాన్ని పట్టుకునే క్లిప్పు ఉప్పు తిని విరిగిపోయింది. గొట్టం జారి వేలాడుతోంది. బండి మీద బరువు పడితే ఇరుసు పైకి వచ్చి దాన్ని నొక్కుతుంది. అప్పుడు వెంట్రుకంత పగులు తెరుచుకుంటుంది. లిఫ్టు మీద ఇరుసు కిందికి వేలాడుతుంది, పగులు మూసుకుపోతుంది. మా గేజి అబద్ధం చెప్పలేదు, మేం అడిగిన దానికి జవాబు చెప్పింది.

కొత్త గొట్టం బెజవాడ నుంచి బస్సులో తెప్పించాం. రబ్బరు రింగులకి కంప్రెసర్ నూనె రాసి బిగించి, డ్రయ్యర్ మళ్ళీ మార్చి, రబ్బరు తొడిగిన క్లిప్పులు రెండు వేశాం. ముప్పావుగంట వాక్యూమ్, తూకం ప్రకారం గ్యాస్. డ్యాష్‌బోర్డు బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి. అవి ఎక్కడివో నాకిప్పటికీ తెలియదు.

పున్నమి మర్నాడు పదకొండింటికి ఆమె బండి గేటు ముందు ఆగింది. పద్నాలుగు బుట్టలు. వెనక బ్లోయరు ముందు థర్మామీటరు పెట్టాను, పది డిగ్రీలు చూపించింది. నేను గోనె ఎత్తి చూడబోతే చేతి మీద ఒక్కటి వేసి, "ఏసీ చూసుకోండి, పీతలు నేను చూసుకుంటా" అన్నారు. మధ్యాహ్నం ఖాళీ బుట్టలతో తిరిగి వెళ్తూ కిటికీ లోంచి, "ఒక్కటీ చావలేదండోయ్" అని కేకేసి, బండి ఆపకుండా వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం మూర్తి గారు సీలింగు ఫ్యాను బాగుచేయించారు.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకంటే బాగా లీకు పట్టిన వాళ్ళని ఇద్దరిని చూశాను. ఒకరు నాకు పని నేర్పిన మేస్త్రి. రెండోవారు ఏసీ గేజి చదవడం కూడా తెలియని ఈమె. ఆ తర్వాత మా బ్రాంచిలో రెండు పద్ధతులు మారాయి. వెనక ఏసీ ఉన్న బండికి లీకు పరీక్ష గుంత మీద, బరువు వేసి చేయాలి. జాబ్ కార్డు మొదటి గడిలో కస్టమరు అన్న మాటని అన్నట్టే రాయాలి, మన భాషలోకి మార్చకూడదు. నేను రిటైరయ్యే నాటికి ఆ గడుల్లో చిత్రమైన ఫిర్యాదులు చాలా పోగయ్యాయి. వాటిలో నవ్వాల్సినవి నేననుకున్న దానికన్నా తక్కువ.