రెండో లూప్‌ల తాత

మొన్న పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస నాడు మా నకిరేకల్ ఇంట్ల జరిగింది చెప్తే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి. నేను గూడ నవ్వుతున్న, గని లైట్ వేసుకొని నవ్వుతున్న!

పెండ్లి వీడియోల ఎడిటింగ్‌కని ఇంట్ల చెప్పి, గేములు ఆడెటందుకు పెద్ద కంప్యూటర్ కట్టుకున్న. మన ఎండలకు అది పొయ్యి లెక్క కాగుతాంది. ఫ్యాన్లు సాలవు, వాటర్ కూలింగ్ పెట్టాలె అనుకున్న. అదీ ఉత్తది కాదు, డ్యూయల్ లూప్! ప్రాసెసర్‌కు ఒక వరుస పైపులు, గ్రాఫిక్స్ కార్డుకు ఇంకో వరుస. దేని పంపు దానికే, దేని నీళ్ల డబ్బా దానికే. ఇంట్ల నల్లాకు వాషర్ ఎయ్యరాని మనిషిని, సగం వీడియో చూసి ప్లంబింగ్ షురూ చేసిన.

మొదలు లీక్ టెస్ట్. కంప్యూటర్‌కు కరెంట్ ఇయ్యకుండ పంపులే తిప్పాలె. ఒక లూప్‌ల ఎర్ర రంగు నీళ్లు పోసిన. ఆర్డర్ పెట్టిన నీలం రంగు ఇంక రాలేదు, అందుకే రెండో దాంట్ల ఉత్త డిస్టిల్డ్ వాటర్. స్విచ్ వేసిన. స్క్రీన్ నల్లగ ఉన్నది. ఫ్యాన్లు కదలవు. కంప్యూటర్ పెయ్యంత చచ్చిపడ్డది, లోపల పంపులు మాత్రం గుండె లెక్క కొట్టుకుంటున్నయ్.

గుటుక్... గుటుక్...

రెండో లూప్! ఎవరో దూపతోని నీళ్లు తాగుతున్నట్టు. చూస్తే డబ్బాల నీళ్లు తగ్గినయ్. కింద పరిచిన కాగితాలు ఎండుగనే ఉన్నయ్. మళ్ల పోసిన. గుటుక్. మళ్ల తగ్గినయ్. చుక్క కారలే! మరి నీళ్లు ఏడికి పోతున్నట్టు? మిట్టమధ్యాహ్నం, బయట ఆటోల హారన్లు, నాకేమో మెడ మీద ఎవరో ఊదినట్టయింది.

"ఏందిరా ఆ చప్పుడు?"

తలుపుకాడ అమ్మ. చేతిల తాత ఫొటో ముందట పెట్టే విస్తరి.

"ఏం లేదే. నీళ్లు తగ్గుతున్నయ్."

"కారుతున్నయా?"

"లేదు."

అమ్మ మొఖం పాలిపోయింది. నాకప్పుడు యాదికొచ్చింది. ఆ గది తాతది. ఆఖరి దినాలల్ల దవాఖానల ఆయన "నీళ్లు, నీళ్లు" అన్నడు. చుక్క గూడ ఇయ్యొద్దన్నరు డాక్టర్లు, అమ్మ ఇయ్యలే. "మామను దూపతోనే తోలిచ్చిన" అని ప్రతి పెత్రమాసకు ఏడుస్తది.

"మామనే," అన్నది మెల్లగ. "దూపకొచ్చిండు."

"అమ్మా, అది పంపు—" అన్న.

గుటుక్ అన్నది డబ్బా.

ఇంట్ల డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది. ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణానికి ఉరికిన. నీళ్ల కోసమా, గదిలకెళ్లి బయటపడనీకా అని మాత్రం అడగకుండ్రి! అక్కడ నిలబడి, చూడని సగం వీడియో చూసిన. "లోపలి గాలి బయటకొస్తుంటే గుటగుటమంటది, నీళ్లు తగ్గుతయ్. మామూలే, భయపడొద్దు." సరిగ్గ గా ముక్కనే నేను స్కిప్ కొట్టిన! సిగ్గుతోని ఇంటిదారి పట్టిన.

గదిల చప్పుడు మారింది. ఇప్పుడు గుటుక్ కాదు, బుస్... బుస్... రెండో డబ్బా నిండ తెల్లటి నురుగు. పైపులల్ల పాల లెక్క ఏదో ఉరుకుతాంది. పక్కన ఖాళీ సీసా. వాసన చూసిన.

"అమ్మా! కల్లు పోసినవా?"

"ఉత్త నీళ్లు ఎన్ని తాగుతడురా, పాపం? ఆయన కోసమే తెప్పించిన. ఫొటో ముందట పెడితే ఏ యేడు చుక్క తగ్గలే. ఇప్పుడు చూడు, ఎట్ల గుంజుతాండో!"

"మరి ఆ ఎర్రదాంట్ల పొయ్యకపోతివి?"

"అది నెత్తురు లెక్కున్నది. దాంట్ల ఉన్నది ఎవరో నాకేం ఎరుక? నేను దాని జోలికి పోలే."

కొంగుతోని కండ్లొత్తుకున్నది. "తాగిండు కొడుకా. కడుపునిండ తాగిండు." ఎన్నేండ్లకో అమ్మ మొఖంల నిమ్మళం చూసిన. వీడియో చూపిద్దామని తీసిన ఫోన్ మళ్ల జేబుల పెట్టుకున్న.

పైపులన్ని ఊడదీసి వేడినీళ్లతోని కడిగిన. నీలం రంగు వచ్చినంక నింపిన. గాలి పోయింది, చప్పుడు పోయింది. గేమ్ ఆడంగ కంప్యూటర్ మంచిగ వేడెక్కినప్పుడు మాత్రం గదిల సన్నగ కల్లు వాసన. రెండో డబ్బాల నీళ్లు ఇప్పటికీ జరంత తగ్గుతనే ఉన్నయ్. ఆవిరి అయితుండొచ్చు. నేను సైన్స్ తెలిసినోన్ని, గివన్ని నమ్మ. అందుకే దాని మూత కొంచెం వదులుగ పెడుతున్న.

ఎర్రదాని మూత మాత్రం పానా పెట్టి బిగించిన. దాంట్ల ఉన్నది ఎవరో నాకు గూడ ఎరుకలేదు గద!