పక్కకు జరిగి చోటిచ్చిన సారు

నా బిడ్డకు లెక్కలు నేర్పిన మా సారు పోయారన్న కబురు నాకు కాజీపేటలో మిఠాయి దుకాణం ముందు తెలిసింది. నా బిడ్డకు డాక్టరేటు వచ్చింది. కాళ్లు నేల మీద ఆనడం లేదు. ముందు సారు నోరే తీపి చేయాలని లడ్డూలు కట్టిస్తున్నాను. ఆయన పాత విద్యార్థి ఒకతను పక్కకొచ్చి, పొద్దున్నే పోయారని మెల్లగా చెప్పాడు. చదివే మీకు ఎట్లా చెప్పను? అంత సంతోషం, అంత దుఃఖం ఒకే గుండెలో ఎట్లా పడతాయి?

నేను రైలింజన్లు బాగుచేసే లోకోషెడ్డులో ఖలాసీగా పనిచేసినవాణ్ణి. ఐదో తరగతి దాటలేదు. బిడ్డ ఎమ్మెస్సీ లెక్కలు చదివి, ఫంక్షనల్ అనాలిసిస్‌లో పరిశోధన చేస్తానంది. అదేమిటని సారునే అడిగాను.

"మనకు ముందు, ఎనక, పక్కలు, పైన, కింద. గంతే గద తమ్మీ. దిక్కులకు అంతే లేని జాగల లెక్క చేసుడు గది" అన్నారు.

ఏమీ అర్థం కాలేదు గాని ఒళ్లు పులకరించింది.

రెండు చోట్ల సీటు వచ్చింది, ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. నెలలోపు జవాబు రాయాలి. ఖలాసీ బిడ్డకు గింత సోకెందుకని మా అన్న ఇంటికొచ్చి మరీ దెప్పాడు. తప్పు చోట చేరి తిరిగొస్తే మావాళ్లు రెండోసారి పంపనివ్వరు. బిడ్డ తిండి మానేసింది. ఇద్దరం హనుమకొండలో సారు ఇంటికి పోయాం. ఏ బండి ఎక్కించాలో ఒక్క మాట చెప్పండని ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను.

ఆయన చెప్పలేదు. వరండాలో బల్ల మీద కూచుని పాఠం చెప్పేవారాయన. పిల్లలు అడిగినదానికి జవాబు తోచకపోతే కళ్లజోడు తీసి తుడుచుకుని, "తెల్వదు. రా, కూసో" అంటూ పక్కకు జరిగేవారు. ఆ రోజు నాకూ అట్లాగే చోటిచ్చారు. తానూ వయసులో పరిశోధనకు పోయి, ఏదడిగినా కసిరే గురువు దగ్గర వేగలేక సగంలో తిరిగొచ్చానని అప్పుడే చెప్పారు. తర్వాత బిడ్డవైపు తిరిగారు.

"ఊరి పేరు జూడకు బిడ్డా. నీకు తేలని లెక్కొకటి వాళ్ల ముందర వెట్టు. తెల్వదు అనేటాయన కాడ చేరు."

రైల్వే పాసుల మీద ఇద్దరం రెండు ఊళ్లూ తిరిగాం. ఉత్తరాన పెద్దాయన ప్రశ్న పూర్తిగా వినకుండానే గడియారం చూశాడు. తిరుగు బండిలో బిడ్డ ఆ లెక్క కాగితాన్ని మడుస్తూ విప్పుతూ కూచుంది. దక్షిణాన ఉన్నాయన నల్లబల్ల ముందు చాలాసేపు నిలబడిపోయాడు. ఇంగ్లీషులో ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. కానీ తన కుర్చీ పక్కకు ఇంకో కుర్చీ లాగాడు. తలుపు దగ్గర నిలబడి నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మా సారు ఈ ఊళ్లోనూ ఉన్నారనిపించింది. ఆ లాగిన కుర్చీలోనే నా బిడ్డ డాక్టరైంది.

సారు దినాలనాడు బిడ్డ వచ్చింది. వచ్చిపోయేవాళ్లందరూ వెళ్లాక, సారు వరండాలో ఆ బల్ల మీదే కూచుంది. నేను ఆగలేకపోయాను.

"అన్ని దిక్కులు చదివినవు గద బిడ్డా. సారు ఎటు పోయిండు?"

బిడ్డ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"తెల్వదు బాపూ. రా, కూసో" అంటూ పక్కకు జరిగింది.