వెనక కెమెరా బిగించిన ఆదివారం

సంగారెడ్డిలో మా ఇల్లు ఒక సందు చివర ఉంటుంది. సందు మొదట్లో తొమ్మిదడుగుల వెడల్పు, పక్కింటివాళ్ల మెట్టు దగ్గర ఏడడుగులు. కొత్త కారు, పక్క అద్దాలు చాపితే, ఆరడుగులకు కాస్త ఎక్కువ. తిప్పుకునే చోటు లేదు కనుక పొద్దున షిఫ్టుకు పాశమైలారం ఫ్యాక్టరీకి వెళ్లాలంటే రోడ్డు దాకా వెనక్కే నడపాలి. ఈ కొలతలు నేను టేపు పట్టి తీసినవి. పటాన్‌చెరులో కిరాయి ఇంటికి మారడానికి నేను చూపించిన కారణం ఇదే.

అసలు కారణం వేరు. పెళ్లై ఏడాదైనా నాకూ నా భార్యకూ ఇచ్చిన గదికి తలుపు లేదు, పరదా ఉంది. వంటింటికి దారి ఆ గదిలోంచే. మేం పడుకున్నాక కూడా నీళ్లకని ఎవరో ఒకరు దగ్గుకుంటూ దాటిపోతారు. ఈ మాట మా ఇంట్లో పెద్దల ముందు అనలేం. వేరు పడాలంటే చుట్టాలకు చెప్పుకోగల కారణం ఉండాలి: డ్యూటీ, నీళ్లు, బండి పెట్టే చోటు. నేను బండిని ఎంచుకున్నాను. బంపర్ మీద పడ్డ రెండు గీతలు మా నాన్నకు, అదే బాపుకు, చూపించి, కింద పార్కింగు ఉన్న ఇల్లు చూశానని చెప్పాను.

బాపు గీతల మీద వేలు రాసి చూశాడు. ఆదివారం కారు సామాన్ల దుకాణం మెకానిక్‌ను వెంటబెట్టుకొని వచ్చాడు.

"ఎనక కెమెరా పెట్టిస్తున్న. ఇగ గీతలు వడయి. గింత దానికే ఇల్లిడిసి పోతరా?"

మెకానిక్ కెమెరాను నంబరు ప్లేటు పైన బిగించి, ముందు అద్దం పక్కన చిన్న తెర పెట్టాడు. రివర్స్ లైటు తీగను చాకుతో గీరి, కెమెరా తీగను దానికి మెలేసి, టేపు చుట్టి వెళ్లిపోయాడు.

డిక్కీ తెరిచి మూసిన కొద్దీ ఆ మెలిక వదులవుతుంది. మొదటి వానకు నీరు దిగుతుంది. నెలలోపే తెర నల్లబడుతుందని నా భార్యకు చెప్పాను. ఊరుకుంటే చాలు, ఇల్లు మారే సాకు మళ్లీ దొరుకుతుంది. అరగంట అరుగు మీద కూర్చున్నాను. ఫ్యాక్టరీలో నా పని అలాంటి అతుకులను వెతికి సరిచేయించడమే. చివరికి లేచి డిక్కీ లోపలి ప్యానెల్ విప్పాను. టేపు పీకి, సీసం కరిగించి తీగలకు సోల్డర్ పెట్టాను, పైన ప్లాస్టిక్ స్లీవ్ తొడిగాను, తీగను డిక్కీ తలుపు దగ్గరి రబ్బరు గొట్టంలోంచి పంపాను. కెమెరా కాస్త ఓరగా ఉంటే కింద వాషరు వేసి సమం చేశాను. నా భార్య టార్చి పట్టుకుంది.

సోమవారం ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని, తెర చూస్తూ, ఎక్కడా ఆగకుండా రోడ్డెక్కాను. బాపు కారు వెంటే నడిచి వచ్చాడు.

"మంచిగొచ్చింది గదా. ఇగ ఆ పటాన్‌చెరు ఇంటాయనకు వద్దని ఫోన్ జెయ్యి."

చేస్తానన్నాను. కొంత దూరం పోయాక నా భార్య మెల్లగా అడిగింది.

"ఆ మెకానిక్ ఏసిన అతుకు గట్లనే ఉంచకపోయినవా? గింత మంచిగ ఎందుకు జేసినవ్?"

ఇస్నాపూర్ దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు ఆమే నంబరు కలిపి ఫోన్ నా చేతికిచ్చింది. ఇల్లు మాకొద్దని చెప్పాను. అవతలాయన, ఎందుకని కూడా అడగకుండా, సరేనన్నాడు.